మా అత్త సముద్రాన్ని నేను మూసేసిన వైనం

నా నోటి నుంచి జీవితంలో ఒకే ఒక్కసారి శుభవార్త వెలువడింది. దాని వల్ల జరిగిన విధ్వంసం గురించి చెప్పడానికే ఇది రాస్తున్నాను. యుద్ధాలు, కరువులు, ఎన్నికలు, ధ్రువాల్లో కరుగుతున్న మంచు, వీటన్నిటి మీదా నేను పలికిన అశుభాలు కొన్ని వేలుంటాయి. వాటి వల్ల ఇంతవరకు ఒక చీమకైనా హాని జరగలేదు. ఆ ఒక్క శుభవార్త మాత్రం ఒక పంటను, ఒక బస్సు సీటును, ఒక సముద్రాన్ని ఒకే వారంలో ముంచేసింది. సముద్రాన్ని ముంచడం ఏమిటని అడక్కండి. నేను బి.ఏ. చదివాను. చదువుకున్నవాడికి అసాధ్యమైనది లేదు.

ముందుగా నా అర్హతలు చెప్పుకోవాలి. మాది మారికుప్పం. కోలారు బంగారు గనుల రైలు లైను అక్కడితో ఆఖరు. మా తాత చిత్తూరు వైపు పల్లె నుంచి వచ్చి గనిలోకి దిగాడు. మా నాన్న గనిలోకి దిగి, అది మూతపడ్డాక పైకి వచ్చేశాడు. నేను రోజూ బెంగళూరుకు పోయి వస్తున్నాను. మూడు తరాల్లో మా వంశం సాధించిన ప్రగతి ఇది. బెంగళూరులో ఒక గోడౌనులో డిస్పాచ్ గుమాస్తాని. వచ్చిన పెట్టెల మీద చిరునామాలు అతికించి పంపించడం నా పని. రాజనీతి శాస్త్రంలో పట్టా, అట్టపెట్టెలతో సహవాసం. ఈ రెండూ కలిస్తే ప్రపంచ వాణిజ్యం మీద అధికారికంగా మాట్లాడే హక్కు వచ్చినట్లేనని అప్పట్లో నా నమ్మకం.

ఆ హక్కును నేను పొద్దున రైల్లో వాడుకునేవాణ్ణి. రైలు బయలుదేరేది మా ఊళ్ళోనే కాబట్టి కిటికీ పక్క సీటు నాది. ఎదురు సీటు ఆరోగ్యసామిది. అతను మా గోడౌను పక్క ఆఫీసులో సెక్యూరిటీ. తమిళం మాతృభాష, తెలుగు రైలుభాష. రైలు కదలగానే టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని, తమిళంలో బావా అని పిలిచి అడుగుతాడు.

"ఏం మచ్చా, ఈ పొద్దు ప్రపంచం ఎట్లుండాది?"

"నిన్నటికంటే ఒక దినం తక్కువ."

"యుద్ధం నిలుస్తాదా?"

"నిలిస్తే ఇంకొకటి మొదలుపెట్టాల. బాంబులు చేసేవాళ్ళకూ పెండ్లాం బిడ్డలు ఉంటారు కదా."

"పెద్ద దేశాలన్నీ కూడి సభ పెట్టినారంట కదా?"

"పెట్టి విచారం తెలిపినారు. రైలు లేటయితే మైకులో మనకు చెప్తారే, కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామని, అదే ఇది."

ఆరోగ్యసామి తృప్తిగా తల ఊపి కళ్ళు మూసుకునేవాడు. నేను ప్రపంచం పని అయిపోయిందని చెప్తేగానీ అతనికి నిద్ర పట్టేది కాదు. చుట్టుపక్కల సీట్లవాళ్ళు కూడా అంతే. నాకు జ్వరం వచ్చి నాలుగు రోజులు పోకపోతే, రైలు పెట్టెలో అందరూ దిగులు పడ్డారట. ప్రపంచం బాగుపడిందేమో, తమకు ఎవరూ చెప్పలేదేమో అని.

మా ఊళ్ళో పుట్టినవాడికి నిరాశ ఎవరూ నేర్పనక్కర్లేదు. ప్రతి ఎన్నికకు ముందూ ఎవరో ఒకరు వచ్చి, గనులు మళ్ళీ తెరుస్తామని మైకులో చెప్తారు. ఎన్నిక కాగానే మైకు అద్దెకిచ్చినవాడు వచ్చి మైకు తీసుకుపోతాడు. మళ్ళీ తెరుచుకోగా మాకు కనిపించేది ఆ మైకుసెట్టు అంగడి ఒక్కటే. ఇలాంటి చోట పెరిగినవాడు లోకం గురించి మంచి మాట చెప్తే, వాడికి ఒంట్లో బాగలేదని అర్థం.

ఈ సంగతి మా ఆవిడ రాజేశ్వరికి అర్థం కాలేదు. అప్పటికి మాకు పెళ్ళయి రెండేళ్ళు. ఆమెది బేతమంగళ దగ్గర పల్లె. అక్కడ చెరువుంది, మల్బరీ తోటలున్నాయి, మనుషులు పొద్దున లేచి రేపటి గురించి మాట్లాడుకుంటారు. అలాంటి ఇంటి నుంచి వచ్చిన పిల్ల ఒక శనివారం నా ముందు నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"మా చిన్నాయన మనవరాలికి పేరు పెట్టే దినం నువ్వేమంటివి?"

"ఏమన్నాను? ఈ బిడ్డ పెద్దయ్యేసరికి జిల్లాలో నీళ్ళుండవన్నాను. భూగర్భ జలాల పరిస్థితి—"

"తొట్లో బిడ్డ ముందరనా?"

"బిడ్డకు అర్థం కాలేదులే."

"బిడ్డ అవ్వకు అర్థమయింది! మూడు దినాలు ఏడ్చింది. ఇంగ చాలు. రేపు మా ఇంట్లో గూళ్ళు తీస్తారు. అమ్మ శానా సంతోషంగా ఉండాది. నువ్వు ఒక మంచి మాట చెప్పాల. ఒకటంటే ఒకటి. నీ బి.ఏ.లో మంచి మాటలే లేవా?"

"రెండో సంవత్సరంలో కొన్ని ఉండేవి."

"అవి గుర్తు చేసుకో."

గుర్తు చేసుకున్నాను. అదే నేను చేసిన తప్పు.

పట్టుగూళ్ళ గురించి తెలియనివాళ్ళకు రెండు ముక్కలు చెప్తాను. పట్టుపురుగు నెల రోజులు మల్బరీ ఆకు తిని, తన చుట్టూ తానే దారంతో గూడు అల్లుకుని లోపల పడుకుంటుంది. అల్లడం మొదలైన ఐదో రోజో ఆరో రోజో ఆ గూళ్ళను చంద్రికలనే వెదురు తట్టల మీద నుంచి ఒలిచి, వెంటనే మార్కెట్టుకు తోలాలి. కొన్నవాళ్ళు వాటిని ఆవిరి పట్టి దారం తీసుకుంటారు. ఆలస్యం చేస్తే లోపలున్నది రెక్కలు తెచ్చుకుని, గూటికి చిల్లు పెట్టుకుని బయటికి వచ్చేస్తుంది. చిల్లు పడిన గూటికి దారం సాగదు. అది దూది కింద లెక్క. ఈ ఆఖరి ముక్క నాకు అప్పటికే తెలుసు. తెలియదని చెప్పి ఇప్పుడు తప్పించుకోవచ్చుగానీ, తెలుసు. తెలిసింది సమయానికి గుర్తుకు రావడమన్నది వేరే శాస్త్రం. అది బి.ఏ.లో లేదు.

మా అత్త చౌడమ్మ ఆ నెలంతా పురుగుల గదిలోనే బతికింది. పురుగులన్నీ కలిసి ఆకు తింటూ ఉంటే బయట వాన పడుతున్నట్లే వినిపిస్తుంది. మా జిల్లాలో వాన చప్పుడు వినాలంటే అది తప్ప వేరే దారి లేదు. ఆమె అంత కష్టపడటానికి ఒక కారణముంది. ఊరి ఆడవాళ్ళ సంఘం ఒక బస్సు మాట్లాడుకుంది, రామేశ్వరానికి. శుక్రవారం పొద్దున ప్రయాణం. గురువారంలోగా ఎవరి సీటు వాళ్ళు ఖాయం చేసుకోవాలి. మా అత్త పుట్టి బుద్ధెరిగాక సముద్రం చూడలేదు. ఈ పంట గూళ్ళతోనే పోయి చూసి వస్తానని దేవుడి పటం ముందు చెప్పుకుంది.

ఆదివారం మేం పోయేసరికి అందరూ చంద్రికల చుట్టూ కూర్చుని గూళ్ళు ఒలుస్తున్నారు. అత్త మొహం వెలిగిపోతోంది.

"అప్పా, సముద్రమంటే మన చెరువంత ఉంటాదా?"

"చెరువుకు అవతలి గట్టు కనిపిస్తుంది కదత్తా. దానికి కనిపించదు."

"అబ్బా! అవతలి గట్టే కనపడదా? ఇంగ నీళ్ళు ఎట్లుంటాయి?"

"ఉప్పు నీళ్ళే అత్తా. నోట్లో పోసుకోలేం. పైగా దాని మట్టం ఏడాదికేడాది—"

రాజేశ్వరి నా కాలు తొక్కింది. పెరిగే మట్టాన్ని నేను మింగేశాను.

గూళ్ళన్నీ తెల్లగా, గట్టిగా, నడింట్లో కుప్ప పడ్డాయి. మరుసటి రోజు పొద్దున మార్కెట్టుకు తీసుకుపోవడానికి ఆటో కూడా చెప్పేశారు. అంతా సవ్యంగా ఉంది. సవ్యంగా ఉన్న ఇంట్లో టీవీ పెట్టకూడదు. మా మామ మునివెంకటప్ప టీవీ పెట్టాడు.

తెరనిండా ఎర్ర అక్షరాలు. ఎక్కడో పడమటి సముద్రంలో ఒక ఇరుకు దారి. దాని పక్కన యుద్ధం. ఒక ఓడ కాలిపోతోంది. ఆ ఒక్క ఓడనే పదకొండుసార్లు కాల్చి చూపించారు. ఇద్దరు మనుషులు కోటు వేసుకుని ఒకరి మీద ఒకరు అరుస్తున్నారు. మామ కాసేపు చూసి నా వైపు తిరిగాడు.

"ఏమప్పా, దీనివల్ల మనకేమన్నా ఉండాదా?"

మామూలుగా అయితే నా జవాబు సిద్ధంగా ఉంది. డీజిలు పెరుగుతుంది, ఎరువు పెరుగుతుంది, మనం పోతాం. నోరు తెరిచాను. రాజేశ్వరి నా వైపే చూస్తోంది. ఆ చూపులో రెండేళ్ళ కాపురం ఉంది, తొట్లో బిడ్డ ఉంది, మూడు రోజులు ఏడ్చిన అవ్వ ఉంది. నేను గొంతు సవరించుకున్నాను.

"ఉంది మామా. మనకు మంచే ఉంది."

రాజేశ్వరి చేతిలోని గూడు జారి కింద పడింది. ఆమె కళ్ళల్లో మెరిసిన ఆ వెలుగు నా పెళ్ళిలో కూడా కనిపించలేదు. దాంతో నాకు మత్తెక్కింది. ఒక మంచి మాటతో ఆపేయవలసినవాణ్ణి, దాన్ని నిరూపించడానికి పూనుకున్నాను.

"చూడు మామా. ఆ దారి మూసేశారు. దారి మూస్తే ఓడలు రావు. ఓడలు రాకపోతే చైనా పట్టు రాదు. చైనా పట్టు రాకపోతే నేతగాళ్ళు ఎక్కడికి పోవాలి? మన దగ్గరికే రావాలి. మన గూడుకు రెక్కలొస్తాయి."

గూడుకు రెక్కలొస్తాయి. ఈ నోటితోనే అన్నాను.

మామ నెత్తి గోక్కున్నాడు. "అట్లయితే రేపే తోలకూడదంటావా?"

"నాలుగు రోజులు ఆగితే ధర ఎక్కుతుంది."

"గూళ్ళు ఆగవప్పా."

"ఆగి తీరాలని నేను చెప్పడంలేదు మామా. ఆగితే బాగుంటుందని చెప్తున్నాను."

ఈ రెండింటికీ తేడా ఏమిటో ఇప్పటికీ నాకు తెలియదు. పెద్ద పెద్ద దేశాల మంత్రులు ఇలాగే మాట్లాడగా విన్నాను.

అత్త ఒలుస్తున్న గూడు పక్కన పెట్టింది. "ఆటో చెప్పేసినాము కదా. ఆరో దినం తోలేది మనకు అలవాటు. ఇప్పుడెందుకు ఆగేది?"

దానికి మామ చెప్పిన జవాబు నేను చచ్చేదాకా మర్చిపోను.

"ఏయ్, నువ్వుండు. ఈ అల్లుడు మన ఇంటికి వచ్చి రెండేండ్లాయ. ఒక్క దినమన్నా మంచి మాట చెప్పినాడా? ఎప్పుడూ చెప్పనోడు చెప్పినాడంటే దాంట్లో ఏమో ఉండాది."

రెండేళ్ళుగా నేను కష్టపడి సంపాదించుకున్న నిరాశావాది అనే పేరు ఆ ఒక్క క్షణంలో నాకు హామీగా నిలబడింది. ఆటో వద్దని ఫోను చేశారు. రాజేశ్వరి నాకు రెండు ముద్దలు ఎక్కువ పెట్టింది. అమ్మకు ప్రయాణం బట్టలు సర్దిపెట్టి వస్తానని తను అక్కడే ఆగిపోయింది. నేను మారికుప్పం తిరిగి వచ్చాను, లోకానికి ఆశ కల్పించినవాడిలా నడుస్తూ.

సోమవారం రైలు బంగారుపేట దాటగానే మామ ఫోను. మా మామకు ఫోను మీద నమ్మకం తక్కువ. నాకు చేరాల్సిన మాట తన గొంతుతోనే బెంగళూరు దాకా పంపుతాడు. పెట్టెలో అందరికీ వినిపించింది.

"అప్పా! ఈ పొద్దు మార్కెట్లో ధర దిగిందంట!"

"దిగితేనే కదా మామా ఎక్కేది."

"ఓడలు యాడ ఉండాయి ఇప్పుడు?"

"నిలబడిపోయాయి మామా. కదల్లేదు."

"అట్లనా! సరే, ఉంటాను!"

ఆరోగ్యసామి కళ్ళు తెరిచాడు. "ఏం మచ్చా, మీ మామకు ఓడలు ఉండాయా?"

సంగతి చెప్పాను. అతను నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. "నువ్వు మంచి జరుగుతాదని చెప్పినావా? నువ్వా? ఒళ్ళు బాగుండాది కదా?"

మంగళవారం ఎండ ముదిరింది. మళ్ళీ మామ ఫోను.

"అప్పా, ఎండ చంపుతా ఉండాది! ఈ సెగకు లోపలున్నది తొందర పడతాదేమో! గూడు చెవికాడ పెట్టుకుంటే కదిలినట్లుండాది!"

"ఫ్యాను వేయండి మామా."

"వేసినాము! తడి గోతాలు కూడా కట్టినాము! ధర ఈ పొద్దు ఇంకొంచెం దిగింది!"

"చూశావా మామా, ఇంకా దిగితే ఇంకా ఎక్కుతుంది."

పెట్టెలో ఎవరో దగ్గారు. ఆరోగ్యసామి టిఫిన్ డబ్బా పక్కన పెట్టి ముందుకు వంగాడు.

"మచ్చా, ఒకటి అడుగుతాను, కోపం వద్దు. చైనా నుంచి ఓడలు రావడం లేదని చెప్తా ఉండావు. మరి నిన్న మీ గోడౌను ముందర లారీ నిండా దించినారే పెట్టెలు, చైనా రాత ఉండేవి, అవి యాడివి?"

"అవి పాత సరుకు."

అవి పాత సరుకు కాదు. ఆ వారమంతా చైనా పెట్టెలు వస్తూనే ఉన్నాయి. వాటి మీద చిరునామాలు అతికించిందీ, వచ్చిన తేదీ ముద్ర వేసిందీ నేనే. కానీ సిద్ధాంతం తలలో ఉన్నవాడికి చేతిలో ఉన్న పెట్టె కనిపించదు. ప్రపంచాన్ని ఏలుతున్న మేధావులందరికీ ఉన్న జబ్బే నాకూ వచ్చింది. వాళ్ళకు కాన్వాయ్ ఉంది, నాకు సీజన్ టికెట్ ఉంది, అంతే తేడా.

బుధవారం మామ రెండుసార్లు ఫోను చేశాడు. మొదటిసారి రేపు తోలేద్దామా అన్నాడు. ఒక్క రోజు చూడు మామా అన్నాను. రెండోసారి ఏమీ అడగలేదు. ఊరికే ఆయాసపడి పెట్టేశాడు.

గురువారం తెల్లవారి రైలు ఇంకా కదలలేదు. కిటికీ పక్కన కూర్చుని ఉన్నాను. ఫోను మోగింది. పెట్టెలో అందరూ చెవులు అటు పెట్టారు. కానీ ఆ రోజు ఎవరికీ ఏమీ వినిపించలేదు. మామ మెల్లగా మాట్లాడాడు.

"అప్పా. ఒకసారి వచ్చి పో."

అంతే. నేను లేచాను. కిటికీ సీటు దొరికినవాడు బండి కదలకముందే దిగిపోవడం మా లైను చరిత్రలో అదే మొదలు. ఆరోగ్యసామి నా సీటు మీద తన కర్చీఫు పరిచాడు. చావు ఇంటికి పోతున్నవాణ్ణి చూసినట్లు చూశాడు.

బేతమంగళ బస్సు దిగి ఇంటికి పోయేసరికి వాకిలి తీసే ఉంది. లోపల అడుగు పెట్టి ఆగిపోయాను.

ఇల్లంతా తెల్లని రెక్కల పురుగులు. గూళ్ళ కుప్ప మీద, గోడల మీద, క్యాలెండరు మీద, మామ భుజం మీద. టీవీ తెర మీద ఒకటి వార్తలు చదివేవాడి ముక్కు ఉండవలసిన చోట కూర్చుని ఉంది. బొద్దుగా, మెత్తగా, చక్కగా ఉన్నాయి. వాటికి రెక్కలున్నాయి, కానీ ఎగరలేవు. ఉన్నచోటే నిలబడి రెక్కలు టపటపలాడించుకుంటూ గుండ్రంగా తిరుగుతాయి. ఎంతో హడావిడి, ఎక్కడికీ పోయేది లేదు. చూడగానే నాకు దగ్గరి బంధువుల్లా అనిపించాయి.

మామ కుప్ప పక్కన కూర్చుని ఒక గూడులో చిటికెనవేలు దూర్చి, ఇటు నుంచి అటు చూస్తున్నాడు.

"చూడప్పా. వీటికి దావ యెవరూ మూయలేదు."

"అన్నీనా మామా?"

"శానా వరకు. మిగిలినవి మధ్యాన్నానికి వస్తాయి. తొందరేముంది, కూర్చో."

రాజేశ్వరి మూలన నిలబడి ఉంది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. తిట్టడానికి ఆమెకు హక్కు లేకుండా పోయింది పాపం. మంచి మాట చెప్పమన్నది తనే కదా. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరం గోడ చూస్తూ నిలబడ్డాం.

అత్త ఎక్కడని చూశాను. నట్టింట్లో కింద కూర్చుని ఉంది. పక్కన కొత్త గుడ్డసంచి, రామేశ్వరం ప్రయాణానికి సర్దింది. దాని మీద రెండు పురుగులు. వాటిని తోలడం లేదు, చూస్తూ ఉంది. నన్ను చూసి పక్కన చోటు చూపించింది.

"కూర్చోప్పా. నాకు చదువు లేదు. ఒకటి అడుగుతాను, చెప్తావా?"

"అడుగత్తా."

"ఆ టీవీలో చూపించినారే, మూసేసిన సముద్రం. అది మనకు పొద్దు పుట్టే పక్కనా, పొద్దు మునిగే పక్కనా?"

"మునిగే పక్క అత్తా."

"చైనా ఏ పక్క ఉండాది?"

నేను జవాబు చెప్పబోయాను. తలలో ఎక్కడో, ఎనిమిదో తరగతి గోడ మీద వేలాడే పటం ఒకటి నెమ్మదిగా విప్పుకుంది. పడమటి వైపు యుద్ధం. తూర్పు వైపు చైనా. మధ్యలో మేం. ఒక పురుగు వచ్చి నా మోకాలి మీద వాలింది.

"చెప్పప్పా. చైనా ఓడలు ఏ పక్క నుంచి వస్తాయి?"

"పొద్దు పుట్టే పక్క నుంచి అత్తా."

"మరి మునిగే పక్క దావ మూస్తే వాళ్ళకేమి?"

"ఏమీ లేదత్తా."

అత్త తల ఊపింది. కోపం లేదు. లెక్క సరిచూసుకున్న టీచరమ్మలా ఉంది మొహం.

"రామేశ్వరం సముద్రం పొద్దు పుట్టే పక్కే ఉండాదని మా సంఘంలో చెప్పినారు. ఆ నీళ్ళల్లో నుంచే పొద్దు లేస్తాదంట. దాన్ని యెవరూ మూయలేదు కదా?"

"లేదత్తా. ఎవరూ మూయలేదు."

"నువ్వు మూసినావు," అంది మా అత్త.

నేను చదివిన రాజనీతి శాస్త్రమంతటిలో ఇంత పొట్టి తీర్పు ఎక్కడా చదవలేదు.

సీటు నేను ఖాయం చేస్తానని కాళ్ళావేళ్ళా పడ్డాను. ఒప్పుకోలేదు. "గూళ్ళతో పోతానని చెప్పుకున్నాను. అల్లుడి జీతంతో పోతే అది నీ సముద్రం అవుతాది, నాది కాదు." శుక్రవారం పొద్దున బస్సు ఆ ఇంటి ముందు నుంచే పోయింది. ఆడవాళ్ళు కిటికీల్లో నుంచి చేతులు ఊపారు. అత్త వాకిట్లో నిలబడి, నాకు ఒక సీసాలో పట్టుకుని రండమ్మా అని కేక వేసింది. తెచ్చారు. సీసా మూత తీసి, అరచేతిలో కొంచెం పోసుకుని నాలుకకు తగిలించుకుంది.

"ఉప్పే," అంది. "అల్లుడు చెప్పిన దాంట్లో ఇదొక్కటి నిజం."

ఆ సీసా ఇప్పటికీ దేవుడి పటం పక్కన ఉంది. నేను పోయినప్పుడల్లా నాకు ఎదురుగా కూర్చుంటుంది.

ఇంకొక సంగతి. ఇది ఇంతవరకు మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, మీరూ చెప్పకండి. రెండు వారాలు పోయాక గూళ్ళ ధర నిజంగానే ఎక్కింది. యుద్ధం వల్ల కాదు, చైనా వల్ల కాదు. ఎండకు చాలా ఊళ్ళల్లో పురుగు చచ్చిపోయి పంట తగ్గింది. నా జోస్యం ఫలించింది, అమ్మడానికి ఎవరి దగ్గరా ఏమీ లేనప్పుడు. ఆ రోజు పేపరు మడిచి సీటు కింద పెట్టి, దాని మీద కూర్చుని బెంగళూరు పోయాను.

అప్పటి నుంచి మామగారింట్లో నాకు రెండు కట్టుబాట్లు. గూళ్ళు తీసే వారం నేను ఆ ఊరి పొలిమేర తొక్కకూడదు. నేనున్నప్పుడు టీవీ పెట్టకూడదు. నేను వీధిలో కనిపిస్తే చాలు, ఊళ్ళోవాళ్ళు అరుగు మీద నుంచి అడుగుతారు. "ఏమప్పా, సముద్రం తెరిచినారా?" ఇంకా లేదని చెప్తూ తల వంచుకుని పోతాను. తర్వాతి పంటకు పురుగుకు జబ్బు వచ్చింది. ఆ తర్వాతి పంటకు ధర లేదు. అత్త లేకుండానే రామేశ్వరానికి ఇంకో రెండు బస్సులు పోయాయి. ఇందులో ఏదీ నా తప్పు కాదుగానీ, ఆ మాట చెప్పడానికి నేను తప్ప వేరే సాక్షి దొరకడం లేదు.

అందుకని ఒక సోమవారం, కదులుతున్న రైల్లో, ఆరోగ్యసామి టిఫిన్ డబ్బా మీద కుడి చెయ్యి పెట్టి, పెట్టెలో అందరి ఎదుటా ప్రమాణం చేశాను. ఈ నోటితో ఇక శుభం పలకను. యుద్ధం నిలిచిపోయినా నిలిచిందని చెప్పను. మా గనులు తెరిచి, అందులో నుంచి ఇటుకల్లా బంగారం మోసుకొస్తున్నా, తెరిచారని చెప్పను. వాన పడుతూ ఉంటే గొడుగు కింద నిలబడి, పడదనే చెప్తాను. నెలల తర్వాత ఆ రోజు ఆరోగ్యసామి హాయిగా నిద్రపోయాడు.

ఈ ప్రమాణాన్ని నేను అక్షరాలా పాటిస్తున్నాను. నమ్మకపోతే మొన్నటి మాట వినండి. రైలు బంగారుపేట దాటింది. అత్త ఫోను చేసింది. ఆమె నాకు ఫోను చేయడం అదే మొదటిసారి.

"అప్పా, ఈ సారి గూళ్ళు ఆరో దినమే తోలేసినాము. బాగా పోయినాయి. నిన్ననే సీటు కూడా చెప్పేసినాను. ఎల్లుండి బస్సు. నువ్వు ఒక మాట చెప్పు."

నేను కళ్ళు మూసుకున్నాను. గుండె నిండా ఉన్న మంచి మాటలన్నీ గొంతు దాకా వచ్చాయి. ఒక్కొక్కదాన్నీ వెనక్కి నెట్టేశాను.

"చూడలేవత్తా," అన్నాను. "బస్సు దారిలో చెడిపోతుంది. వాన పట్టుకుంటుంది. మబ్బు కమ్మి పొద్దు లేచేది కనపడదు. సముద్రమంటే ఊరికే ఉప్పు నీళ్ళు."

అవతల అత్త పెద్దగా ఊపిరి వదిలింది.

"చాలప్పా," అంది. "ఇంగ ధైర్యంగా సంచి సర్దుకుంటాను."